ముసలమ్మకి మూడో గీత

ఆమెను ఆ ఇంట్లో పళ్ళత్త అంటారు. పళ్ళు ఊడి కాదు, ముప్ఫై రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆమె పళ్ళు చేస్తుంది. దంతవైద్యులు పంపే అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు తీర్చి, ఒక్కొక్క పన్నూ ఏరి నిలబెట్టి, ఊళ్ళో ఉన్న బోసినోళ్ళకి నవ్వు సరఫరా చేసే చిన్న వర్క్‌షాపులో కిటికీ పక్క బల్ల ఆమెది. అన్నయ్య కూతురు మాటలు వచ్చీరాని వయసులో పెట్టిన పేరది. ఇప్పుడు వదిన కూడా ఎవరితోనైనా ఆమె గురించి చెప్పాలంటే "మా పళ్ళత్త" అనే అంటుంది.

పనిలో ఆమె చండశాసనురాలు. ఉన్నది ఉన్నట్టు దిగాలి. ఒకసారి ఒక పెద్దాయన పాత ఫొటో తెచ్చి, ముందుపన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉండేదనీ, అలాగే కావాలనీ అడిగాడు. కొత్తగా చేరిన పనమ్మాయి "తిన్నగా చేసిచ్చేద్దాం మేడమ్, అందంగా ఉంటుంది" అంది. "ఆయన పెళ్ళాం ఇన్నేళ్ళూ ఆ వంకరపన్నుతోనే కాపురం చేసింది. తిన్నగా చేసి పంపితే ఎవరో పరాయివాడు వచ్చాడనుకుంటుంది" అని పళ్ళత్త ఆ వంకర తీసుకొచ్చేదాకా మైనం వదల్లేదు.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఆమె వేరే మనిషి. అన్నయ్య ఇంట్లో, భోజనాల బల్ల మీద, ఆమె మూలికల ముసలమ్మ. వీపున మూట, చేతిలో కర్ర, గాయం ఎక్కడుంటే అక్కడ ఆకు పసరు.

ఆ ఆట తెలియనివాళ్ళకి రెండు మాటలు. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. ఆ ఇంట్లో ఆ మనిషిని సూత్రధారి అంటారు. మిగిలినవాళ్ళకి తలా ఒక పాత్ర. "ఎదురుగా లోయ ఉంది, వంతెన విరిగింది, ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు. ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. వీటన్నిటికీ ఇటుకరాయంత లావు నియమాల పుస్తకం ఒకటుంది. ఏ గుర్రం ఎంత మేస్తుంది, ఏ తాడు ఎంత బరువు, ఆ లోకంలో చందమామలు రెండెందుకయ్యాయి, అన్నీ అందులో ఉంటాయి. పెద్దవాళ్ళు ఆడే ఆటేనా ఇది అని మూతి తిప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు తిప్పుకోవచ్చు.

ఆ ఇంట్లో సూత్రధారి అన్నయ్య. పగలంతా నీటి సరఫరా ఆఫీసులో పైపుల పటాలు గీసే మనిషి, ఆదివారం వచ్చేసరికి రాజులకి, రాక్షసులకి, సత్రం నడిపే గయ్యాళికి గొంతు అరువిచ్చేవాడు. వదినది గొడ్డలమ్మ అనే వీరురాలి పాత్ర. నిజజీవితంలో బొద్దింకని చూసి కుర్చీ ఎక్కే వదిన, బల్ల దగ్గర మాత్రం ముందు గొడ్డలి విసిరి తర్వాత సంగతి అడిగే రకం. కూతురు కాస్త పెద్దయ్యాక దొంగ పాత్రతో చేరింది. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక సూత్రధారి. ఆ నలుగురే లోకం.

పళ్ళత్త ఆ బల్ల దగ్గరికి వచ్చిన తీరు చెప్పాలి. పెళ్ళయిన మూడో ఏడు మొగుడు ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టాడు. ఆమె ఏడవలేదు, ఎవరితోనూ చెప్పుకోలేదు. ఒక గది అద్దెకి తీసుకుని, గది నుంచి వర్క్‌షాపుకి, వర్క్‌షాపు నుంచి గదికి తిరిగింది. మాట్లాడని ప్లాస్టర్ నోళ్ళతోనే ఆమెకి పొత్తు కుదిరింది. వదినతో అప్పటికి అంటీముట్టని వ్యవహారం. పెళ్ళినాటి మాట పట్టింపు ఏదో ఇద్దరి మధ్యా మిగిలిపోయింది. అన్నయ్య వచ్చి పిలిచినప్పుడల్లా తలనొప్పి అనేది. చివరికి ఒక ఆదివారం "ఆటకి ఒక మనిషి తక్కువైంది, నువ్వు రాకపోతే ఆగిపోతుంది" అని అబద్ధమో నిజమో చెప్పి లాక్కొచ్చాడు.

వచ్చిన తొలిరోజే, తొలి పోరాటంలోనే, ఆమె పాత్ర కింద పడిపోయింది. పుస్తకం ప్రకారం పడిపోయినవాళ్ళు తమ వంతు వచ్చినప్పుడల్లా పాచిక వెయ్యాలి. పది దాటితే ఊపిరి నిలుస్తున్నట్టు. దాటకపోతే కాగితం మీద ఒక గీత. మూడు గీతలు పడితే పాత్ర పోయినట్టే. ఆమెకి వరసగా రెండు గీతలు పడ్డాయి. ఇక్కడా నేనే ముందు పోతున్నాను అనుకుంది కాబోలు, మొహం ముడుచుకుని లేచి గుమ్మం వైపు నడిచింది.

"ఆగాగు, ఇక్కడ ఇంకో నియమం ఉంది" అన్నాడు అన్నయ్య. పుస్తకం తిప్పి, ఒక పేజీ మీద వేలు పెట్టి, గొంతు సవరించుకుని చదివాడు: "తోటివారిలో ఒకరు తమ వంతు వదులుకుని, పడిపోయినవారి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే, ఆ వంతుకి గీత పడదు."

అన్నాచెల్లెళ్ళిద్దరూ వదిన వైపు చూశారు. శత్రువు గొంతు గొడ్డలికి అందేంత దూరంలో ఉంది. వదిన ఒక్క క్షణం ఆలోచించి, గొడ్డలి కింద పెట్టి, "సరే, కూర్చున్నాను" అంది. అలా మూలికల ముసలమ్మ బతికింది. బతికిన ముసలమ్మ వచ్చే ఆదివారం రాకుండా ఎలా ఉంటుంది? ఆ పైవారమూ వచ్చింది. ఆ తర్వాత జ్వరమొచ్చినా వచ్చింది. వదినా ఆడపడుచుల మధ్య మంచు కరగడానికి రెండు నెలలు కూడా పట్టలేదు. ఆ తర్వాత ఆ బల్ల దగ్గర ఎవరు పడ్డా ఎవరో ఒకరు వెళ్ళి పక్కన కూర్చునేవారు. దానికి తోడు నియమం అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఏళ్ళు గడిచాయి. పిల్ల పెద్దదై వీడియో గేములు తయారుచేసే కంపెనీలో చేరింది. ఆదివారాలు మాత్రం ఆగలేదు, పోయిన ఏడు ఆ ఒక్క ఆదివారం దాకా.

ఆ రోజు ముగ్గురూ ఒక పాడుబడ్డ కోట ముందున్నారు. రాతి కాపలాదారు ఒకడు ముసలమ్మని ఒక్క దెబ్బకి పడగొట్టాడు. వదిన పాత్రా, పిల్ల పాత్రా దూరాన చిక్కుబడిపోయారు. ముసలమ్మకి రెండు గీతలు పడ్డాయి. మూడో పాచిక వెయ్యబోతుండగా సూత్రధారి చెబుతున్న వాక్యం సగంలో జారిపోయింది. ముందు నటిస్తున్నాడనుకున్నారు. కుడిచెయ్యి బల్ల మీంచి జారేసరికి అర్థమైంది.

అన్నయ్య బతికాడు. అది చాలు అని అందరూ అనుకున్నారు, అనుకోవాలి కూడా. కానీ కుడిచెయ్యి స్వాధీనంలో లేదు, మాట పోయింది. బుర్ర బాగానే ఉంది, అన్నీ అర్థమవుతాయి, మాటలే ఒకటీ అరా, అదీ కష్టపడితే వస్తాయి అన్నాడు డాక్టరు. పాచికల డబ్బా అలమార పైకి వెళ్ళింది.

"దాన్ని సూత్రధారిగా కూర్చోబెట్టి ఆట సాగిద్దామా?" అని వదిన ఒకసారి కూతుర్ని చూపించి అడిగింది. పళ్ళత్త ససేమిరా అంది. అన్నయ్య ఆ గదిలోనే కూర్చుని ఉండగా ఆయన చోటు ఇంకొకరికి ఇవ్వడమంటే, ఇక ఆయన వల్ల కాదని ఆయన మొహం మీదే చెప్పడం. ముసలమ్మ రెండు గీతలతో అలా పడే ఉంటుంది, అన్నయ్యే లేపాలి, లేపితే అన్నయ్య తిరిగొచ్చినట్టు. అలా అని మనసులో ముడి వేసుకుంది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు కానీ ఇంట్లో అందరికీ తెలుసు.

ఈలోగా పిల్ల పనిచేసే కంపెనీ ఏ గేమ్ తయారుచేస్తోందయ్యా అంటే, సరిగ్గా ఈ ఆటనే. ఆ ఇటుకరాయి పుస్తకాన్నే తెర మీదకి ఎక్కిస్తున్నారు. పుస్తకం హక్కుదారులు మహా పట్టుదల మనుషులు. ఒక్క నియమం తప్పినా, ఒక్క కథ మారినా ఒప్పుకోరు. ఆ నియమాలు సరిగ్గా దిగాయో లేదో చూసే బృందంలోనే పిల్ల ఉద్యోగం. బయటికి రాకముందే ఇంట్లోవాళ్ళతో ఆడించి అభిప్రాయం తెమ్మన్నారట. ఒక ఆదివారం లాప్‌టాప్ తెచ్చి టీవీకి తగిలించింది.

"నాన్నా, నువ్వు చదివి వినిపించిన ప్రతి మాటా ఇందులో ఉంది. చూస్తావా?" అని అడిగింది.

అన్నయ్య తలాడించాడు. కుడిచేతి కింద దిండు పెట్టి కుర్చీ టీవీ వైపు తిప్పారు.

పళ్ళత్త ముందు మొహం చిట్లించుకునే కూర్చుంది. అయితే సంత బజారులోకి అడుగుపెట్టగానే ఆమెలోని చండశాసనురాలు మేల్కొంది. తాడు కొంది, మూట బరువెక్కి ముసలమ్మ నడక నెమ్మదించింది. "అరె! తాడు బరువు కూడా లెక్కేస్తోందే!" రాత్రి అయ్యేదాకా ఆగి ఆకాశం చూసింది, చందమామలు రెండూ ఉన్నాయి, చిన్నది పెద్దదాని వెనక నక్కుతోంది కూడా. సత్రం గయ్యాళిని పలకరిస్తే అచ్చం పుస్తకంలో ఉన్న తిట్టే తిట్టింది. అన్నయ్య పెదవుల మీద సన్నటి నవ్వు కనిపించింది. తిట్టు ఆయనకి కంఠతా వచ్చు మరి.

ఒక్కచోట పేచీ వచ్చింది. దారిలో ఒక ఊరి ద్వారపాలకుడితో మాట్లాడటానికి తెర మీద మూడే మాటలున్నాయి: బతిమాలడం, బెదిరించడం, లంచం.

"నాకు వాడి పంటినొప్పి గురించి అడగాలని ఉంది" అంది పళ్ళత్త.

"వాడికి పంటినొప్పి లేదత్తా."

"మన ఆటలో ఉంది. నోరు తెరవమన్నాను, పన్ను పీకాను, తలుపు తీశాడు. మీ నాన్న ఒప్పుకున్నాడు."

"ద్వారపాలకుడి పళ్ళు చూస్తామని ఎవరనుకుంటారత్తా? నీకు తప్ప ఆ దారి ఎవరికీ తోచదు."

"పోనీలే. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు దించారు, అది మెచ్చుకోవాలి" అని పళ్ళత్త లంచం ఇచ్చి లోపలికి వెళ్ళింది.

వదిన రిమోట్‌ని జారిపోయే చేపలా రెండు చేతులా పట్టుకుని ఆడుతోంది. గొడ్డలమ్మ గోడకేసి పరిగెత్తి, అక్కడే పరిగెత్తుతూ ఉండిపోయింది. అలా నవ్వుకుంటూ, తిట్టుకుంటూ ఆ పాడుబడ్డ కోట దాకా వచ్చారు. అక్కడ రాతి కాపలాదారు ఉన్నాడు. పుస్తకంలో ఉన్నట్టే గట్టి దెబ్బ కొట్టాడు. ముసలమ్మ పడింది.

గదిలో నవ్వులు ఆగిపోయాయి. తెర మీద పాచిక దొర్లింది. ఒక గీత. మళ్ళీ దొర్లింది. రెండో గీత.

"వదినా, రా, నీ వంతు వదులుకుని నా పక్కన కూర్చో" అంది పళ్ళత్త.

వదిన బటన్లన్నీ నొక్కింది. కూతురు మెల్లగా అంది: "అలా కూర్చునే బటన్ లేదమ్మా."

పాచిక దొర్లింది. ఏడు. మూడో గీత పడింది, ముసలమ్మ మొహం బూడిదరంగులోకి మారింది, పైన మర్యాదగా ఒక సంతాపవాక్యం వచ్చింది.

పళ్ళత్త అగ్గిమీద గుగ్గిలమైంది. "తాడు బరువు లెక్కేసినవాళ్ళకి తోడు నియమం కనపడలేదా? ఇదేనా ఉన్నది ఉన్నట్టు దించడం?"

"అత్తా, నేనే చెబ్దామనుకున్నాను" అంది పిల్ల. "ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ వెతికాను. పుస్తకంలో తోడు నియమం లేదు."

"లేకపోవడమేమిటే! మీ నాన్న నా కళ్ళముందు వేలు పెట్టి చదివాడు!"

పుస్తకం తెచ్చారు. పళ్ళత్త కళ్ళజోడు పెట్టుకుని పడిపోవడం, చావడం, కోలుకోవడం ఉన్న పేజీలన్నీ జల్లెడ పట్టింది. గేములో ఉన్నదే ఉంది. తోడు లేదు, చెయ్యి పట్టుకోవడం లేదు. గేమ్ నూటికి నూరుపాళ్ళూ నిజాయితీగానే ఉంది. తప్పుడు ఆట ఆడింది తామే, అన్నేళ్ళూ, పుస్తకం పక్కనే పెట్టుకుని.

అప్పుడు వదిన గొంతు సవరించుకుంది.

"ఆ రోజు నేను ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన వేలు పెట్టిన చోట గుర్రాల ధరలున్నాయి. గుర్రం ఎంత, గాడిద ఎంత అని."

"నీకు తెలుసా? తెలిసీ ఇన్నాళ్ళూ నోరు మెదపలేదా?"

"ఎందుకు మెదపాలి? గాడిద ధర చూస్తూ మనిషి అంత గంభీరంగా చదివేస్తుంటే నాకు నవ్వాగలేదు. ఆ తర్వాత నీ మొహం చూశాను. మరి నవ్వు రాలేదు. గొడ్డలి కింద పెట్టేశాను."

పళ్ళత్త కళ్ళజోడు తీసేసింది. తన జీవితంలో నిక్కచ్చిగా ఉన్నది ఒక్క ఆ బల్లే అనుకుంది. అక్కడా తనని చూసి జాలిపడి నియమం మార్చారా? అన్నయ్య వైపు తిరిగింది. "నాకోసం అబద్ధం చదివావా అన్నయ్యా? అంత దీనంగా ఉన్నానా నేను?"

అన్నయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. వదిన అందించబోతే ఎడంచేత్తో వద్దన్నాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"నువ్వు... లేచావు" అన్నాడు. కాసేపటికి, "చెప్పులు... వేసుకుంటున్నావు."

అంతే. అంతకుమించి చెప్పడానికి ఆయన దగ్గర మాటలు లేవు, ఆమెకి వినాల్సిందీ లేదు. ఆ రోజు గుమ్మం దగ్గర ఒక కాలికి చెప్పు తొడిగిన సంగతి ఆమెకీ గుర్తుంది. ఆ రెండో చెప్పు కూడా తొడిగి ఉంటే ఏమయ్యేది? గది, వర్క్‌షాపు, గది. ఈ వదిన ఉండేది కాదు, ఈ పిల్ల ఆమె ఒళ్ళో పెరిగేది కాదు. అది జాలి కాదు. వెళ్ళిపోతున్న చెల్లెల్ని ఆపడానికి చేతిలో ఒక పుస్తకం తప్ప ఏమీ లేని మనిషి, ఆ పుస్తకాన్నే అడ్డం పెట్టాడు.

ఆమె వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. పట్టులేని ఆ కుడిచెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. "నన్ను బతికించావు అన్నయ్యా" అంది. "ముసలమ్మని కాదు, నన్ను. ఇన్నాళ్ళూ తెలియక ఊరుకున్నాను. నీకూ, వదినకీ నేను రుణపడి ఉన్నాను." ఎప్పుడూ ఏడవని మనిషి ఏడ్చింది. వదిన రిమోట్ పక్కన పడేసి ఆమెను కోప్పడుతూ తనూ ఏడ్చింది.

పిల్ల దిగులుగా తెర వైపు చూసింది. "దీన్ని గేములో పెట్టమని నేను అడగలేనత్తా. పుస్తకంలో లేనిది ఒక్కటీ చేర్చనివ్వరు."

"గేముది తప్పు కాదే" అంది పళ్ళత్త ముక్కు తుడుచుకుంటూ. "అచ్చుకి అచ్చు దిగిన పళ్ళసెట్టయినా నోట్లో పెట్టుకున్నాక ఎక్కడో ఒకచోట గుచ్చుతుంది. అప్పుడు మనిషిని కూర్చోబెట్టి, ఎక్కడో అడిగి, అక్కడ కాస్త గీకాలి. ఆ పని యంత్రం చెయ్యలేదు."

పిల్ల చప్పున లాప్‌టాప్ దగ్గరికి జరిగింది. "ఇది ఇంకా మేం పరీక్షిస్తున్న గేమ్. తయారుచేసేవాళ్ళకి లోపల ఒక దారి ఉంటుంది. పడిన గీతని నేను చెరపగలను. కానీ నా ఇష్టానికి చెరపను. నియమాలు యంత్రం చూసుకుంటుంది. ఎక్కడ తప్పించాలో సూత్రధారి చెప్పాలి."

ఆట వెనక్కి తిప్పింది. ముసలమ్మ మళ్ళీ రెండు గీతలతో కోట ముందు పడి ఉంది. వదిన రిమోట్ అందుకుంది. వంతు వదిలేసే బటన్ అయితే ఉంది, అది నొక్కేముందు గొడ్డలమ్మని నడిపించుకుంటూ, ఈసారి గోడకేసి కాకుండా, ముసలమ్మ పక్కకి తెచ్చి నిలబెట్టింది. "వదులుకున్నాను" అంది పైకి.

పాచిక దొర్లింది. నాలుగు. మూడో గీత పడింది.

పిల్ల ఆటని అక్కడే ఆపి తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, గీత పడింది. గొడ్డలమ్మ పక్కనే ఉంది. కానీ తోడు నియమం పుస్తకంలో లేదు. ఏం చెయ్యమంటావు?"

అన్నయ్య తెరని చూశాడు. భార్యని చూశాడు. తన చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చున్న చెల్లెల్ని చూశాడు. పాత రోజుల్లో ఏదైనా తీర్పు చెప్పేముందు కూర్చున్నట్టు వీపు నిటారుగా చేసుకున్నాడు.

"ఉంది" అన్నాడు.

తడబాటు లేకుండా, గదంతా వినపడేలా వచ్చింది ఆ మాట. పిల్ల కీ నొక్కింది. మూడో గీత చెరిగిపోయింది, దాని వెంట రెండోది, మొదటిది. మూలికల ముసలమ్మ కర్ర పట్టుకుని లేచి నిలబడింది. వదిన చప్పట్లు కొట్టబోయి రిమోట్ కింద పడేసింది.

అన్నయ్య ఇంకా తెర వైపే చూస్తున్నాడు. మళ్ళీ పెదవులు కదిలాయి. ఈసారి అందరూ ఓపిగ్గా ఆగారు.

"ఎవరి... వంతు?" అని అడిగాడు సూత్రధారి.

"నాదే అన్నయ్యా" అంది పళ్ళత్త. "నా వంతే."